ఉప్పుటేటి నగరంలో కోరుట్ల వాటా

దుబాయి చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా 1966లో దొరికిన చమురుతో మొదలుపెడతారు, కాకుంటే పాలకుల ముందుచూపుతో. చమురూ నిజమే, ముందుచూపూ నిజమే. కానీ ఈ రెంటితోనే కథ నడిపితే ఆ నగరం ఎవరి చేతుల మీదుగా పెరిగిందో కనబడకుండా పోతుంది. ఎడారి అంచున, తాగడానికి పనికిరాని ఉప్పుటేటి ఒడ్డున పుట్టిన ఆ ఊరు మొదటినుంచీ బయటివాళ్ల రాకతోనే బతికింది. తేడా అల్లా వచ్చినవాళ్లను ఉంచుకున్న పద్ధతిలో ఉంది. తొలి కాలంలో వచ్చినవాళ్లు అక్కడే ఇళ్లు కట్టుకుని వాడలు వెలయించారు. 1970ల తరువాత వచ్చిన కూలీకి నగరం పడుకోను మంచమిచ్చింది, అతని ఇంటిని మాత్రం సముద్రానికి ఇవతలే వదిలేసింది. అందువల్ల గత 50 ఏళ్ల దుబాయి సామాజిక చరిత్రలో సగం తెలంగాణలోని కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లలో నడిచింది. ఆ సగాన్ని కలపకుండా రాసిన నగర చరిత్ర అసంపూర్ణమే అవుతుంది.

ఆ ఏరు నది కాదు. సముద్రమే ఒక పాయగా నేలలోకి చొచ్చుకుపోయి పూర్వం రస్ అల్ ఖోర్ చిత్తడి దగ్గర ఆగిపోయేది. 1833లో అబుదాబి నుంచి విడివడి వచ్చిన అల్ బూ ఫలాసా తెగవాళ్లు, సుమారు 800 మంది, మక్తూమ్ బిన్ బుత్తీ నాయకత్వంలో దాని ముఖం దగ్గర స్థిరపడ్డారు. అంటే పాలకుల వంశం కూడా వలస వచ్చిందే. 1894లో అప్పటి పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ విదేశీ వర్తకులకు పన్నులు తీసేశాడు. అవతలి తీరంలో పర్షియా ప్రభుత్వం సుంకాలు పెంచేసరికి, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో లింగా రేవు వర్తకులు సరుకుతో సహా ఇటు తరలివచ్చారు. గాలిగోపురాల ఇళ్లతో వాళ్లు కట్టుకున్న బస్తాకియా వాడ ఇప్పటికీ ఏటి ఒడ్డునే ఉంది. సింధు ప్రాంతపు ఠట్టా నుంచి వచ్చిన భాటియాలు బట్టల వ్యాపారం, ముత్యాల వ్యాపారం చేశారు. 1958లో బర్ దుబాయిలో హిందూ ఆలయం వెలిసింది. 1966 దాకా అక్కడి అంగళ్లలో చెల్లినది రూపాయే, 1959 నుంచి భారత రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా అచ్చువేసిన గల్ఫ్ రూపాయి. ఏటికి అటు దేరా, ఇటు బర్ దుబాయి, నడుమ మనుషులను దాటించే అబ్రా పడవలు. ఆ నీటి మీద అరబ్బీ, ఫార్సీ, సింధీ, గుజరాతీ మాటలు ఒక్కచోట వినిపించేవి.

చమురే అన్నిటికీ మూలమనేవారు కాలక్రమాన్ని ఒకసారి చూడాలి. ఇసుక మేట వేసి పడవలు నిలవని ఏటిని తవ్వించడానికి పాలకుడు షేక్ రషీద్ కువైట్ నుంచి అప్పు తెచ్చాడు. ఆ తవ్వకం 1961కే ముగిసింది. చమురు కనబడింది 1966లో, ఎగుమతి అయింది 1969లో. రేవు ముందు, చమురు తరువాత. ఆ చమురు డబ్బు 1972లో పోర్ట్ రషీద్‌కూ, 1979లో జెబెల్ అలీ రేవుకీ అండ అయింది, కాదనను. అయితే డబ్బు దానంతటది కాంక్రీటు కలపదు, ఇనుప కడ్డీలు వంచదు. 1968 జనగణనలో ఆ ఊరి జనం 59,000కు కాస్త తక్కువ. ఇప్పుడు 35 లక్షలు దాటారు. ఈ నడిమి కాలంలో ఎండలో నిలబడి కట్టినవాళ్లను వెతుక్కుంటూ వెళ్తే దారి గోదావరి, మానేరు తీరాలకూ చేరుతుంది.

ఈ తీరాల నుంచి వలస కొత్తది కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో జనం చెప్పుకునే వరసలో దాదాపు ఒక శతాబ్దపు చరిత్ర ఇమిడి ఉంది. నేతపని చేసే పద్మశాలీలు షోలాపూర్‌కు, భీవండీకి, బొంబాయి మిల్లులకు ఎప్పుడో వెళ్లారు. గల్ఫుకు వీసాలు, టికెట్లు దొరికే ఊరు కూడా బొంబాయే కాబట్టి మూడో మజిలీకి రెండోది తలుపు తెరిచింది. 1982లో మిల్లు కార్మికుల మహాసమ్మె మొదలై ఆ ఉపాధి కూలినప్పుడు ఇంటికి తిరిగొచ్చినవాళ్లకు ఇక్కడ పని లేదు. అంతకుముందే, 1978లో భూస్వాములకు ఎదురుగా రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఎదిగిన కొడుకును కళ్లముందు ఉంచుకోవడానికి తల్లిదండ్రులు జంకిన కాలమది. కరవు ఒక్కటే కారణమైతే కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక వలస ఆగాలి కదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కోరుట్ల ప్రాంతం వరి, పసుపు పండే నేల. కానీ కాలువ నీళ్లు భూమి ఉన్నవాడి చేనుకు పారాయి, మగ్గం మీద, బీడీ మీద బతికే ఇంటికి పారలేదు. పైగా ఒక వాడ నుంచి పదిమంది వెళ్లాక పదకొండోవాడికి వీసా సంగతి చెప్పేవాళ్లూ, అక్కడ పడుకోను చోటిచ్చేవాళ్లూ ముందే ఉంటారు. కొంత కాలానికి వలస దానికదే కారణమవుతుంది.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అప్పు. దుబాయిలో ముత్యాల వేట సాగిన కాలంలో వేసవి నాలుగు నెలలు సముద్రంలో మునిగే గజ ఈతగాడు బయలుదేరేముందే నఖుదా దగ్గర, అంటే పడవ నాయకుడి దగ్గర, అడ్వాన్సు తీసుకునేవాడు. ముత్యం దొరకని ఏడాది ఆ బాకీ మరుసటి ఏటికి మోసుకుపోయేది, తండ్రి బాకీకి కొడుకు మునిగిన ఇళ్లు ఉన్నాయి. 1929 ఆర్థిక మాంద్యం, జపాన్ పెంపకపు ముత్యాలు కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాక ఆ అప్పుల గొలుసు తెగిందని అనుకుంటాం. తెగలేదు, ఊరు మారింది. గల్ఫు కూలీ ఏజెంటుకు కట్టే వీసా డబ్బు కోరుట్లలో, సిరిసిల్లలో మిత్తికి తెచ్చినది. ఈతగాడి బాకీ దుబాయి ఒడ్డునే ఉండేది కాబట్టి అక్కడి పాలకుడు, అక్కడి న్యాయస్థానం దాన్ని పట్టించుకోవలసి వచ్చేది. మన కూలీ బాకీ మరో దేశంలోని ఊరి వడ్డీవ్యాపారి చిట్టాలో ఉంటుంది, ఆ నగరపు లెక్కల్లో ఎక్కడా పడదు. యజమాని జీతం ఆపినా వాడు గొంతెత్తలేనిది ఈ మిత్తి వల్లే. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, వదిలి పారిపోయి ‘ఖల్లివెల్లి’గా, అంటే కాగితాలు లేకుండా, బతికినవాళ్లను, ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు వట్టి చేతులతో వచ్చినవాళ్లను చట్టం మీరినవాళ్లుగానే చూస్తాం. ఆ పరుగు మొదలైంది బాకీ దగ్గర.

సమాజ జీవితం సంగతికి వస్తే, దుబాయిలోని సోనాపూర్ కార్మిక క్యాంపుల్లో ఒకే గదిలో అంచెల మంచాల మీద ఒకే మండలం వాళ్లు కలిసి వండుకుని తింటారు. సెలవుదినాన దేరాలో బనియాస్ స్క్వేర్ చుట్టూ పలకరింపులుంటాయి. తెలుగు సంఘాలు బతుకమ్మ ఆడిస్తాయి, కాకపోతే ఆ వేడుకలకు వచ్చేది ఎక్కువగా కుటుంబాలతో ఉండగలిగిన ఉద్యోగులు. క్యాంపు కూలీ భార్య బతుకమ్మ పేర్చేది కోరుట్లలో, భర్త లేకుండా. తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి నెలనెలా ఇల్లు గడిపింది ఆమె. పొలం కౌలు, పిల్లల బడి, బ్యాంకు పని, అప్పులవాళ్లతో మాటలు అన్నీ ఆమె మీదే పడ్డాయి. దుబాయి కంపెనీ కూలీ జీతం ఒక్కడి తిండికీ కొంత పంపకానికీ సరిపోయేలా ఉండగలిగింది, కుటుంబాన్ని నిలబెట్టే ఖర్చులో పెద్ద భాగం ఆమె చేతులు మోశాయి గనక. 2010లో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కూలి లెక్కల్లో ఈ బీడీ కట్టలను కూడా కలపాలంటాను.

ఇష్టపడి వెళ్లారు, సంపాదించారు, స్లాబు ఇళ్లు కట్టారు, పిల్లల్ని ఇంజనీర్లను చేశారు, ఇంకేం వాటా అని వాదించేవారున్నారు. ఆ సంపాదన నిజం, దాన్ని తక్కువ చేయడం వెళ్లినవాళ్లను అవమానించడమే. అయితే బస్తాకియా వర్తకుడూ సంపాదనకే వచ్చాడు. అతణ్ణి నగరం తనవాడనుకుంది, అతని వాడను వారసత్వంగా కాపాడుతోంది. 2019 నుంచి గోల్డెన్ వీసా, 2021 నుంచి ఎంపికచేసిన పెట్టుబడిదారులకు, వైద్యులకు, శాస్త్రవేత్తలకు పౌరసత్వం ఇచ్చే వీలు వచ్చాయి. వచ్చినవాణ్ణి కలుపుకునే పాత పద్ధతి డబ్బున్నవాడికి, చదువున్నవాడికి ఇప్పటికీ పనిచేస్తోందన్నమాట. ముప్పై ఏళ్లు తాపీ పట్టినవాడికి మాత్రం పని ముగిస్తే వీసా కూడా ముగుస్తుంది. కొన్ని మార్పులు జరగకపోలేదు. 2005 నుంచి వేసవి మధ్యాహ్నపు ఎండలో ఆరుబయట పని నిషేధించారు, 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్నారు. మధ్యాహ్నపు విరామం ప్రాణాలు కాపాడుతుంది, ముసలితనాన్ని కాపాడదు.

మన వైపు బాధ్యత కూడా తక్కువేం కాదు. 1983 వలస చట్టం తక్కువ చదువుకున్నవాడికి అనుమతి ముద్ర తప్పనిసరి చేసింది, ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి దాన్ని దాటేశారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తామంది. మంచిదే, ఆలస్యంగానైనా. కానీ ప్రాణాలతో, అరిగిన మోకాళ్లతో తిరిగొచ్చినవాడికి ఆ నగరంలో పింఛను లేదు. ఇన్నేళ్ల పనికి రుజువుగా అతని దగ్గర మిగిలేది పాస్‌పోర్టు మీది ముద్రలూ కొన్ని పాత కాగితాలే. బీడీ కార్మికురాలైన భార్యకు పీఎఫ్ నంబరుంది, దాన్ని చూపితే ప్రభుత్వ పింఛను వస్తుంది. ఇంట్లో ఇద్దరి శ్రమలో లెక్కకెక్కినది ఆమెదే. ఆ పాత పాస్‌పోర్టులు, కంపెనీ గుర్తింపు కార్డులు, మిత్తి చిట్టాలు, క్యాంపు నుంచి వచ్చిన ఉత్తరాలు, క్యాసెట్లు ఇంకా ఇళ్ల అటకల మీద ఉన్నాయి. వాటిని సేకరించే పని జగిత్యాల, సిరిసిల్ల జిల్లా గ్రంథాలయాలు ఇప్పుడే మొదలుపెట్టాలి, 1970లలో వెళ్లిన తొలి తరం 70 ఏళ్లు దాటుతోంది.