అవ్వ కల్యాణానికి సాక్ష్యం ఎక్కడుంది?

ఇంటిపేర్ల గురించి మాట్లాడుకున్నప్పటి నుంచి చాలామంది మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మా అవ్వాతాతల కల్యాణం ఎప్పుడు, ఏ ఊళ్ళో జరిగిందో కాగితం మీద ఎక్కడ దొరుకుతుంది అని. కొందరికి వంశవృక్షం కోసం కావాలి, కొందరికి ఆస్తి పంపకాల కోసం, ఇంకొందరికి ఫ్యామిలీ పెన్షన్ కోసం. రైల్వేలో ఇలాంటి కాగితాల మధ్యే ఉద్యోగం గడిపినవాళ్ళం కాబట్టి ఈ చివరి కష్టం మాకు బాగా తెలుసు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, భర్త పోయిన నెల రోజులకే, తాను ఆయన భార్యనని రుజువు తెచ్చుకోవాలి. ఊరంతా చూసిన పెళ్ళికి సాక్ష్యం ఏమిటంటే ఆమె ఏం చెబుతుంది?

ముందు ఒక వింత చూడండి. మన చెన్నపట్నం కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. 1680 అక్టోబరులో తెరిచారు. ఆ నవంబరు 4న అక్కడ ఎలిహు యేల్ పెళ్ళి జరిగింది. ఆ రిజిస్టరులో మొదటి పెళ్ళి అదే. తరువాత ఆయన మద్రాసు గవర్నరు అయినాడు, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి ఉన్నది ఆయన పేరే. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్ళి కూడా అక్కడే. చర్చి రిజిస్టర్ల నకళ్ళు లండనుకు వెళ్ళేవి, అవి ఈనాటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మూడు వందల నలభై ఏళ్ళ కిందటి దొరగారి పెళ్ళికి కాగితం దొరుకుతుంది. తొంభై ఏళ్ళ కిందటి మన అవ్వ పెళ్ళికి దొరకదు.

కారణం ఏమంటే మన పెళ్ళి సర్కారుకు చెప్పవలసిన సంగతే కాదు. పురోహితుడు, అగ్ని, మంగళసూత్రం, ఊరి పెద్దలు, అంతటితో సరి. మద్రాసు రాష్ట్రంలో జననమరణాలకు 1899లో చట్టం వచ్చింది గానీ పెళ్ళికి రాలేదు. క్రైస్తవుల పెళ్ళిళ్ళకు 1872 నుంచి చట్టప్రకారం రిజిస్టర్లు ఉన్నాయి కాబట్టి మన తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ముందు చర్చిలోనే అడగాలి. అదే 1872లో రిజిస్టర్ పెళ్ళికని ఇంకో చట్టమూ తెచ్చారు. అయితే అందులో పెళ్ళి చేసుకునేవాళ్ళు మేము హిందువులమూ కాము, ముసల్మానులమూ కాము, క్రైస్తవులమూ కాము అని రాసి ఇవ్వాలి. 1923లో గానీ ఆ షరతు సడలలేదు. మనవాళ్ళు ఎంతమంది ఆ గడప తొక్కుతారు?

1929లో సర్కారు నియమించిన జోషీ కమిటీ ఈ సంగతి గట్టిగానే చెప్పింది. వధూవరుల వయసుతో సహా ప్రతి పెళ్ళీ రిజిస్టరులో ఎక్కాలి, అది చట్టప్రకారం తప్పనిసరి కావాలి అని. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాదే హర్‌బిలాస్ శారదా తెచ్చిన బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలి. తప్పితే పెళ్ళి చేసిన పెద్దలకు నెల రోజుల వరకు సాదా ఖైదు, వెయ్యి రూపాయల దాకా జుల్మానా. కానీ జరిగిన పెళ్ళి మాత్రం చెల్లుతుంది! ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కేసు, అదీ ఏడాది లోపల. ఫిర్యాదు చేసినవాడి దగ్గర నూరు రూపాయల వరకు పూచీ తీసుకోవచ్చు. పక్కింటివాడి కూతురి పెళ్ళి కోసం ఆ రోజుల్లో నూరు రూపాయలు ఎవడు పూచీ కడతాడు?

చట్టం అమలులోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. అంతకు ముందు నెలల్లో దేశమంతా తొందర తొందరగా పసిపిల్లల పెళ్ళిళ్ళు చేసేశారు. మీ ఇంట్లో ఒకే పందిట్లో అక్కకూ చెల్లెలికీ కల్యాణం అయిందని విన్న కథ ఉంటే ఈ తేదీతో సరిచూడండి.

ఆ తరువాత గోదావరి జిల్లాల వాళ్ళకు ఇంకో దారి దొరికింది. యానాం. చుట్టూ బ్రిటిషు సీమ, మధ్యలో ముప్పై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి నేల. శారదా చట్టం అక్కడ చెల్లదు. పిల్లను, పిల్లవాడిని, పురోహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి మూడు ముళ్ళు వేయించి ఇంటికి వచ్చేసేవారు. ఎంతమంది వెళ్ళారంటే ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే వచ్చింది. వినడానికి ముచ్చటైన పేరే గానీ దాని వెనుక ఉన్నది ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లలు. దాన్ని మేము ముచ్చటగా చెప్పుకోలేము. చట్టం కంటపడకూడదని చేసిన పెళ్ళికి సాక్ష్యం మిగలకపోవడం వింతేమీ కాదు. అదే యానాంలో ఊరివాళ్ళ జనన మరణ వివాహాలను ఫ్రెంచి దొరతనం రిజిస్టర్లలో ఎక్కించేది. వాటి నకళ్ళు ఇప్పుడు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్ళోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో కూడా చూడవచ్చు. యానాం సభ్యులకు ఇది పనికొస్తుంది.

మరి తమిళనాట ఉన్న మన సంగతి? సర్కారు దగ్గర లేనిది ఇంట్లో ఉంటుంది. మొదటిది మొయ్ నోటు. తెలుగునాట చదివింపుల పుస్తకం అంటారే, అదే. మదురై, విరుదునగర్ వైపు ఇళ్ళల్లో ఇవి ఎక్కువ. మొదటి పుటలో పసుపు రాసి, పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళ పేర్లు, తేదీ, ఊరు రాస్తారు. ఆ తరువాత ఎవరు ఎంత పెట్టారో వరుసగా. తిరిగి పెట్టాలి కాబట్టి ఎవరూ పారేయరు. అప్పు లెక్క లాంటిది కాబట్టి అబద్ధం కూడా రాయరు. రెండోది లగ్నపత్రిక, మూడోది అచ్చు పత్రిక.

పత్రికలో తేదీ చదివేటప్పుడు జాగ్రత్త. మన వైశాఖమూ తమిళ వైకాశీ ఒకటి కావు. వైశాఖం సాధారణంగా ఏప్రిల్ చివరలో మొదలవుతుంది, వైకాశి మే నడుమ. సంవత్సరం పేరు కూడా ఉగాదికి మనకు మారుతుంది, తమిళులకు చిత్తిరై ఒకటికి. నడుమ రోజుల్లో మనకు కొత్త ఏడు, వాళ్ళకు పాతది. పైగా అరవై ఏళ్ళకు అదే పేరు తిరిగి వస్తుంది. శుక్ల అంటే 1929-30 కావచ్చు, 1989-90 కూడా కావచ్చు. (ఆషాఢం మనకు పనికిరాదు, ఆడి తమిళులకు పనికిరాదు. రెండూ పట్టించుకునే మన ఇళ్ళల్లో ముహూర్తాలు తక్కువ అందుకే.)

నాలుగోది ఉద్యోగం చేసినవాళ్ళ కాగితాలు. తాత రైల్వేలోనో మిల్లులోనో ఉంటే ప్రావిడెంట్ ఫండ్ నామినేషన్‌లో భార్య పేరు, వయసు ఉంటాయి. రైల్వేలో 1964లో ఫ్యామిలీ పెన్షన్ వచ్చాక కుటుంబ వివరాలు తప్పక రాయించేవారు. పాసు కోసం ఇచ్చిన డిక్లరేషన్ కూడా పనికొస్తుంది. ఇక్కడే మన తెలుగు పేర్లకు చిక్కు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, ఆ సంగతి మాకు చిన్నప్పుడే తెలుసు. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ప, బ, భ కూడా అంతే. ఇంట్లో గంగమ్మ బడిలో కంగమ్మాళ్ అవుతుంది, భాగ్యమ్మ పాక్కియమ్మాళ్ అవుతుంది. గుమాస్తా దాన్ని చూసి ఇంగ్లీషులో రాస్తే మూడో పేరు పుడుతుంది. ఇంటిపేరు పోయి నాయన పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్ అవుతుంది. అందువల్ల వెతికేటప్పుడు ఇంటిపేరు పట్టుకుని వెతికితే లాభం లేదు. నాయన పేరు, ఊరు, వయసు, ఈ మూడూ పెట్టుకుని చూడాలి.

1955 హిందూ వివాహ చట్టంలో 8వ సెక్షను రిజిస్టరుకు దారి చూపింది గానీ ఎక్కించకపోయినా పెళ్ళి చెల్లుతుందని కూడా అదే చెప్పింది. ఆ రిజిస్టరును ఎవరైనా చూడవచ్చు, రుసుము కట్టి సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు, కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని సుయమరియాదై పెళ్ళి చేసుకున్న కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. 1967లో అన్నాదురై గారి ప్రభుత్వం తెచ్చిన సవరణ అంతకు ముందు జరిగిన అలాంటి పెళ్ళిళ్ళను కూడా చెల్లుబాటు చేసింది. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతాల పెళ్ళిళ్ళూ రిజిస్టరు కావాలన్నది. తమిళనాడులో 2009 చట్టం ప్రకారం తొంభై రోజుల్లో రిజిస్టరు చేయాలి. జోషీ కమిటీ మాట నెరవేరడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

పాత పెళ్ళిని ఇప్పుడు కూడా హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎక్కించవచ్చు, అయితే భార్యాభర్తలు ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి. అమ్మానాయనలు ఇద్దరూ ఉన్నవాళ్ళు ఈ పండుగ సెలవుల్లోనే పత్రిక, ఫోటో, ఆధార్ తీసుకుని ఆ పని చూడండి. మొయ్ నోట్లు ఉన్నవాళ్ళు మొదటి పుట ఫోటో తీసి పంపిస్తే ఊరువారీగా మేము ఒక జాబితా రాసి పెడతాం. తమిళంలో ఉన్నా సరే, తెలుగులో ఉన్నా సరే.