ఏ ఆట కొనాలి? ఏ యంత్రం కొనాలి?: వీడియో గేమ్ సలహాల చరిత్ర

ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునే మొదటి వీడియో గేమ్ యంత్రం 1972లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. మాగ్నవాక్స్ కంపెనీ అమ్మిన ఆ 'ఆడిసీ' ధర సుమారు 100 డాలర్లు. అలాంటి వస్తువు అంతకుముందు ఎవరింట్లోనూ లేదు కాబట్టి కొనేవాళ్లకు షాపువాడి మాటే ఆధారం. మాగ్నవాక్స్ డీలర్ల దగ్గరే దొరకడంతో అది ఆ కంపెనీ టీవీకి మాత్రమే పనిచేస్తుందని చాలామంది అనుకున్నారు. నిజానికి ఇతర కంపెనీల టీవీలతోనూ పనిచేసేది. ఆ అపోహ అమ్మకాలను దెబ్బతీసింది. కొనేవాడికి సరైన సలహా కావాలన్న అవసరం ఈ రంగంలో మొదటి యంత్రంతోనే పుట్టింది. ఆ సలహాదారుడిని పోషిస్తున్నదెవరన్న ప్రశ్న కూడా అప్పటినుంచీ దాని వెంటే ఉంది.

1977లో అటారీ కంపెనీ యంత్రాన్ని ఒకటిగా, ఆటల కార్ట్రిడ్జ్‌లను విడివిడిగా అమ్మడం మొదలుపెట్టింది. 1979లో ఆ కంపెనీని వదిలి వచ్చిన ప్రోగ్రామర్లతో యాక్టివిజన్ ఏర్పడింది. అటారీ యంత్రానికి బయటి కంపెనీలు కూడా ఆటలు తయారుచేయవచ్చని తేలడంతో దుకాణాల అరలు నిండిపోయాయి. పెట్టె మీద అందమైన వర్ణచిత్రం ఉండేది. తెర మీద కనిపించేవి నాలుగు రంగు చతురస్రాలు. ఈ తేడాను చెప్పేవాళ్లు అవసరమయ్యారు. బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ 'వీడియో' అనే పత్రికలో 'ఆర్కేడ్ అల్లే' శీర్షిక కింద ఆటల సమీక్షలు రాశారు. జాయిస్ వర్లీతో కలిసి 1981 చివర్లో 'ఎలక్ట్రానిక్ గేమ్స్' పత్రిక ప్రారంభించారు. అదే ఏడాది నవంబరులో బ్రిటన్‌లో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' వెలువడింది.

బ్రిటన్‌లో ఆటలు ఎక్కువగా క్యాసెట్ల మీద, పిల్లలు జేబు డబ్బుతో కొనగల ధరల్లో వచ్చేవి. లడ్లో అనే చిన్న ఊరినుంచి వెలువడిన 'క్రాష్' (1984), 'జాప్ 64' (1985) పత్రికలు ఆ పాఠకుల నాడి పట్టుకున్నాయి. 'క్రాష్' స్థానిక బడిపిల్లలను సమీక్షకులుగా పెట్టుకుంది. బొమ్మలకింత, శబ్దానికింత అని మార్కులను శాతాల్లో వేసేవారు. 'జాప్ 64'లో సమీక్ష పక్కనే సమీక్షకుడి ముఖాన్ని కార్టూన్‌గా గీసేవారు. ఎవరి అభిరుచి తనకు నప్పుతుందో పాఠకుడే తేల్చుకునేవాడు.

పత్రికలు చదవని కొనుగోలుదారులే ఎక్కువ. అమెరికాలో 1982లో అటారీ 'పాక్‌మాన్', 'ఇ.టి.' ఆటలు పేరు చూసి కొన్నవాళ్లను నిరాశపరిచాయి. నాసిరకం కార్ట్రిడ్జ్‌లు గుట్టలుగా మిగిలాయి. 1983లో అమ్ముడుపోని సరుకును అటారీ న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చింది. 2014లో తవ్వితే కొంత బయటపడింది. సుమారు 320 కోట్ల డాలర్లున్న అమెరికా ఇంటి ఆటల వ్యాపారం 1985 నాటికి సుమారు 10 కోట్లకు పడిపోయిందని అంచనా. సరుకు మితిమీరడం, చవక కంప్యూటర్ల పోటీ దీనికి ప్రధాన కారణాలు. మంచి ఆటకూ చెత్త ఆటకూ తేడా కొనేముందు తెలియకపోవడం వాటికి తోడైంది.

పోయిన నమ్మకాన్ని నింటెండో తన పద్ధతిలో తిరిగి తెచ్చుకుంది. 1985లో న్యూయార్క్‌లో యంత్రాన్ని విడుదల చేసినప్పుడు, అనుమతి లేని కార్ట్రిడ్జ్ పనిచేయకుండా లోపల ఒక చిప్ పెట్టింది; అనుమతించిన ఆటల పెట్టెలపై నాణ్యతా ముద్ర వేసింది. ఆ ముద్ర ఆట బాగుంటుందన్న హామీ కాదు, యంత్రంలో సరిగ్గా నడుస్తుందన్న హామీ. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో ఫోన్ సలహాదారులను కూర్చోబెట్టింది. ఆటలో చిక్కుకుపోయిన పిల్లలు ఫోన్ చేస్తే వాళ్లు దారి చెప్పేవారు. 1988లో 'నింటెండో పవర్' పత్రిక మొదలుపెట్టింది. అందులోని మ్యాపులు, చిట్కాలు నిజంగా పనికొచ్చేవి. అయితే అమ్మేవాడే సలహాదారుడు కావడంతో, కొనవద్దని చెప్పే మాట అందులో గట్టిగా వినిపించేది కాదు.

జపాన్‌లో 1986 జూన్‌లో మొదలైన 'ఫామిట్సు' మరో దారి పట్టింది. ఒక ఆటకు నలుగురు సమీక్షకులు తలా పది మార్కులకు విలువ కట్టేవారు. ఒకరి ఇష్టాయిష్టాలు మొత్తం తీర్పును శాసించవు. నలభైకి నలభై మొదటిసారి దక్కింది 1998లో, 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్'కు. అమెరికాలో 1989లో వచ్చిన 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' కూడా నలుగురు సమీక్షకుల పద్ధతినే అనుసరించింది. ఆట పిల్లలకు తగినదా అన్న ప్రశ్నకు 1994లో అమెరికాలో ఈఎస్ఆర్‌బీ, 2003లో యూరప్‌లో పెగి వయసు గుర్తులు జవాబిచ్చాయి.

కంప్యూటర్ మీద ఆడేవాళ్ల సమస్య వేరు. 1996లో 'క్వేక్' ఆట, 3డీఎఫ్ఎక్స్ వూడూ కార్డు వచ్చాక ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలన్నది పెద్ద ప్రశ్నయింది. ఇక్కడ అభిరుచితో పని లేదు, సెకనుకు ఎన్ని ఫ్రేములన్నదే లెక్క. 1996లో 'టామ్స్ హార్డ్‌వేర్', 1997లో 'ఆనంద్‌టెక్' వెబ్‌సైట్లు మొదలై ఈ కొలతలను పట్టికలుగా ప్రచురించసాగాయి. రెండోదాన్ని ప్రారంభించిన ఆనంద్ లాల్ షింపీ అప్పటికి బడి పిల్లవాడే. అయితే కొలత ఎలా జరుగుతుందో తెలిస్తే, తూకం రాళ్లు ఎరిగిన వ్యాపారి తక్కెడ సర్దుకున్నట్టు కంపెనీలూ సర్దుకున్నాయి. 2001లో 'క్వేక్ 3' ప్రోగ్రాములో ఆ పేరును 'క్వాక్'గా మార్చి నడిపితే ఏటీఐ కార్డు వేగం తగ్గింది. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాము ఆ ఆట పేరును గుర్తుపట్టి చిత్ర నాణ్యతను తగ్గిస్తోందని బయటపడింది. అప్పటినుంచి వేగంతోపాటు చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూడడం మంచి పరీక్షకులకు అలవాటైంది.

భారతదేశంలో సలహా చాలాకాలం దుకాణం గడప దాటలేదు. 1990లలో ఇళ్లకు చేరిన టీవీ గేములు ఎక్కువగా నింటెండో యంత్రానికి నకళ్లు. లక్షల ఆటలున్నాయని కార్ట్రిడ్జ్ మీద అంకెలుండేవి; తిరిగి తిరిగి వచ్చేవి కొద్ది ఆటలే. కంప్యూటర్లకు ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఉన్నట్టే, తెలుగువాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, పెద్ద దిక్కయింది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు అంటూ కాగితం మీద రాసిచ్చే కొటేషనే అక్కడ సలహా. దాన్ని పక్క షాపులో చూపించి బేరమాడడమే దాని మీద విచారణ. ఇంగ్లిషు కంప్యూటర్ పత్రికలు, వాటితో వచ్చే సీడీల్లోని డెమోలు తోడయ్యాయి. ఆ తర్వాత ఆ చోటును తెలుగు యూట్యూబ్ వీడియోలు ఆక్రమించాయి.

మార్కులన్నీ ఒకచోట కూడితే నిజం తేలుతుందన్న ఆశతో 2001లో మెటాక్రిటిక్ వెబ్‌సైట్ వచ్చింది. అది చూపే సగటు మార్కుకు కంపెనీలు కొత్త విలువ కట్టాయి. 2010లో వచ్చిన 'ఫాలౌట్: న్యూ వేగస్'కు సగటు 85 వస్తేనే తయారీదారులకు బోనస్ అన్నది ఒప్పందం, వచ్చింది 84. ప్రకటనదారుల ఒత్తిడి మరోవైపు ఉంది. 2007లో 'కేన్ అండ్ లించ్'కు తక్కువ మార్కులు వేసిన గేమ్‌స్పాట్ వెబ్‌సైట్ సమీక్షకుడు జెఫ్ గర్స్ట్‌మన్ ఉద్యోగం పోయింది. దాని వెనుక ప్రకటనదారుల ఒత్తిడి ఉందని 2012లో ఆయనే చెప్పారు. వీడియోల కాలంలో సొమ్ము నేరుగా సలహాదారుడికే చేరింది. 'షాడో ఆఫ్ మోర్డోర్' ప్రచారానికి డబ్బు తీసుకున్న సంగతి యూట్యూబర్లు సరిగ్గా వెల్లడించేలా చూడలేదని వార్నర్ బ్రదర్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2016లో ఆ వ్యవహారం ఒప్పందంతో ముగిసింది.

2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్ ప్రతులే అందాయి. పాత కన్సోళ్లలో ఆట నడవలేని స్థితి కొన్న తర్వాతే జనానికి తెలిసింది. సోనీ దాన్ని తన స్టోర్ నుంచి కొన్ని నెలలు తొలగించింది. ఇలాంటి చోట సమీక్షకంటే వాపసు హక్కే కొనేవాడిని కాపాడుతుంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగిచ్చే నియమాన్ని కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015 జూన్‌లో తెచ్చింది. గ్రాఫిక్స్ కార్డుకూ కన్సోలుకూ అంత సులువైన వాపసు లేదు. వాటి విషయంలో ఒకే సలహాను నమ్ముకోకుండా, ఎవరి డబ్బుతో ఎవరు పరీక్షించారో చూసి, రెండు మూడు చోట్ల కొలతలు సరిపోల్చుకోవడమే ఈ చరిత్ర నేర్పే పద్ధతి.