డూమ్ మెటల్: పుట్టుక, నాదము

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల మన తెలుగు కుటుంబముల పిల్లలలో బెంగుళూరు చేరి డూమ్ మెటల్ అను పాశ్చాత్య గానమును మరగినవారు కలరు. డూమ్ అనగా తప్పించుకొనరాని వినాశము. పెద్దలకు ఆ నాదము దయ్యములను పిలుచునట్లు తోచుట సహజమే. అయినను దాని పుట్టుక వినదగినది.

ఈ గానమునకు మూలపురుషులు బ్లాక్ సబ్బాత్ మేళమువారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరమందలి ఆస్టన్ అను కార్మికుల పేటకు చెందిన నలుగురు యువకులు 1968లో కూడి, మరుసటియేట ఒక భయానక చలనచిత్రము పేరును తమ మేళమునకు పెట్టుకొనిరి. గాయకుడు ఆజీ ఆస్బర్న్. గిటారు వాద్యకుడు టోనీ అయోమీ.

అయోమీ 17వ యేట రేకుల కర్మాగారమున పని మానుకొను చివరినాడే యంత్రమునబడి అతని కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయెను. ఎడమచేతివాటము వాడగుటచే తీగెలను అదుమవలసినది ఆ చేయియే! కర్మాగారపు మేస్త్రీ ఒకడు జాంగో రైన్‌హార్ట్ రికార్డును వినిపించి, ఆ విద్వాంసుడు కాలిన చేతితో, రెండు వ్రేళ్లతోనే వాయించెనని తెలిపెను. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి తొడుగులు చేసికొని, వానికి తోలు అతికించి, గిటారునకు సన్నని తీగెలు కట్టుకొనెను. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానములు దించెను. సడలిన తీగె వ్రేలికి సుఖమయ్యెను, చెవికి బరువయ్యెను.

1970 ఫిబ్రవరి 13న వెలువడిన తొలి రికార్డు వానచప్పుడుతో, చర్చి గంటతో ఆరంభమగును. పిదప షడ్జము, తారషడ్జము, అటుపై ప్రతిమధ్యమము, మిగుల మెల్లగా. షడ్జ ప్రతిమధ్యమముల ఈ కూడికనే పాశ్చాత్యులు 'సంగీతములోని దయ్యము' అనిరి. మన 72 మేళకర్తలలో సగము ప్రతిమధ్యమ రాగములే. మంగళకరమగు కల్యాణియు అందులోనిదే. కావున భయము స్వరమున లేదు, విళంబకాలమున దానిని ఒంటరిగా నిలిపిన తీరున కలదు.

మృత్యుచింత మనకు మాత్రము క్రొత్తయా? చింతామణి తాలూకా కైవారము నారాయణ యతీంద్రుల తెలుగు తత్త్వములు దేహము నిలువదనియే పాడును గదా. తత్త్వము గురువును చూపును. ఈ మేళము చీకటిని చూపి ఊరకుండును. నాకు మొదటిదే ప్రియము. అయినను పిల్లలను గద్దించుటకు మునుపు ఒకసారి విని చూచుట మేలు.

స్వీడనులో 1986లో కేండిల్‌మాస్ మేళము తన తొలి రికార్డు పేరులోనే 'డూమ్' అను మాటను ఇమిడ్చెను. బెంగుళూరున బేవార్ సీ అను మేళము 2012లో రికార్డు వెలువరించెను. ఆ పేరు విని మన ముసలమ్మలు నవ్వక మానరు. బ్లాక్ సబ్బాత్ వారు 2025 జూలై 5న తమ ఆస్టన్ పేటలోనే చివరి కచేరి చేసిరి. ఆస్బర్న్ ఆ నెల 22న కన్నుమూసెను.