కారులో స్వరస్థానాలు

గాయకునికి స్వరస్థానం ఎంత ముఖ్యమో, కారులో స్పీకరుకు దాని స్థానం అంత ముఖ్యం. అయితే ఆ స్థానాన్ని చాలాకాలం నిర్ణయించినది చెవి కాదు, కారులో మిగిలిన ఖాళీ.

1930లో అమెరికాలోని షికాగో నుండి పాల్ గాల్విన్ తన కారులో రేడియో అమర్చుకొని, అట్లాంటిక్ సిటీలో జరిగిన రేడియో తయారీదారుల సమావేశానికి వెళ్ళాడు. 'మోటరోలా' అన్న పేరు ఆ రేడియోతోనే పుట్టింది. ఆనాటి కారు రేడియోకు బ్యాటరీలు నేలపలకల క్రింద, స్పీకరు డ్యాష్‌బోర్డు క్రింద ఉండేవి. పాట ముందు మోకాళ్ళకు వినిపించి, ఆ పిమ్మట చెవులకు చేరేదన్నమాట! ఉన్నది ఒక్కటే స్పీకరు కనుక ఎటునుండి వినబడినా ఎవరికీ పట్టలేదు. తరువాత అది డ్యాష్‌బోర్డు పైకెక్కింది. వెనుక సీటు చాటున ఉన్న అరలో మరొకటి చేరింది. రెండూ పలికేది ఒకే ధ్వని.

చిక్కంతా స్టీరియోతో వచ్చింది. అలన్ బ్లమ్‌లైన్ అనే ఆంగ్ల ఇంజనీరు 1931లోనే దీనికి పేటెంటు కోరాడు. 1966 నమూనా కార్లలో ఫోర్డు సంస్థ ఎనిమిది ట్రాకుల టేపును ప్రవేశపెట్టడంతో అది రోడ్డెక్కింది. వినేవాడు రెండు స్పీకర్లకు సరిగ్గా నడుమ ఉండాలన్నది స్టీరియో నియమం. కారులో ఆ నడిమి చోట ఉండేది గేరు కడ్డీ!

మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ తలుపులోని స్పీకరు అతనికి కుడిదానికన్నా 40 సెంటీమీటర్లు ఎక్కువ దూరమనుకుందాం. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే ఎడమ ధ్వని మిల్లీసెకనుకు పైగా ఆలస్యం. ఇంతమాత్రానికేనా అనకండి. ఒకే ధ్వని రెండు చోట్లనుండి వచ్చినపుడు, ముందుగా చేరినదాని దిక్కునే చెవి నమ్ముతుందని 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపాడు. కనుక గాయని ఎదుట నిలువక కుడి తలుపులో దూరుతుంది.

అంతకుముందే, 1907లో, లార్డ్ రేలీ మరొక సంగతి చెప్పాడు. మంద్రధ్వని దిక్కును రెండు చెవులకు చేరే తరంగాల తేడాతోను, తారధ్వని దిక్కును తల అడ్డుపడి కలిగే హెచ్చుతగ్గులతోను గుర్తిస్తామని. తారధ్వని సూటిగా పోతుంది. తలుపు అడుగున పెడితే కాళ్ళకు, సీటుకు తగిలి సగం అక్కడే అణగిపోతుంది. పెద్ద స్పీకరును, చిన్న ట్వీటరును వేరుచేసి, నడుమ క్రాసోవరు అనే విభాజకాన్ని ఉంచే పద్ధతి 1930లనాటి సినిమాహాళ్ళలోనే ఉంది. కారులోని కాంపొనెంట్ స్పీకర్లు ఆ వంశానివే. అయితే విడదీయడంలోనూ హద్దు ఉంది. 3000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 11 సెంటీమీటర్లే. ట్వీటరు అద్దం స్తంభం మీద, పెద్దది తలుపు అడుగున ఉంటే, విభజన జరిగే చోట రెండు ధ్వనులు ఒకదానినొకటి కొంత చంపుకుంటాయి. ఎత్తు, దగ్గరతనం రెండూ ఒకేసారి దొరకవు; ఎంతోకొంత రాజీ తప్పదు.

కారు ఆకృతినే లెక్కలోకి తీసుకొని స్పీకర్లను కూర్చడం 1983 నమూనా క్యాడిలాక్ సెవిల్ వంటి కార్లలో బోస్ సంస్థ చేసి చూపింది. నేడు దగ్గరి స్పీకరును మిల్లీసెకనుల లెక్కన ఆలస్యం చేసే డిజిటల్ పరికరాలు దొరుకుతున్నాయి. అయినా మనవారిలో చాలామంది వెనుక అరలో పెద్ద అండాకారపు స్పీకర్లకే డబ్బు పోస్తారు. కచేరీకి వెళ్ళి వేదికకు వీపు పెట్టి కూర్చుంటామా?

స్పీకర్లు మార్చదలచినవారు రేకు కోయకముందే ట్వీటరును టేపుతో రెండు మూడు చోట్ల అంటించి, డ్రైవరు సీటులో కూర్చుని తెలిసిన పాట ఒకటి వినాలి. తలుపు అద్దం పూర్తిగా దించి, లోపల ఎంత లోతు మిగిలిందో కొలవాలి. స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉన్న కారైతే అక్కడ రంధ్రం చేయనే కూడదు. దాని దారిలో తీగ కూడా లాగకూడదు. అటువంటి కారులో అద్దం మూలనున్న త్రికోణపు పలకే ట్వీటరుకు తగిన చోటు.