తల కొలతల నుంచి డేటా దాక: సి.ఆర్. రావు నడిచిన తొవ్వ, మన తొవ్వ

పోస్టు జర పెద్దగుంటది, ఓపికతోని చదవండి.

ఎల్లారెడ్డి దిక్కు తండాల నుంచి వచ్చి కామారెడ్డి హాస్టల్ల ఉండి బీఎస్సీ చదువుతున్న మాకు, ఇంటికి పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న ఎదురైతది. "లెక్కల డిగ్రీ చదివి ఏం జేస్తవ్ బిడ్డా, సారువైతవా?" మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. జవాబు చెప్పేటోళ్లు ఇంట్ల లేరు. హాస్టల్ల చూస్తే అందరి నోట్ల "డేటా సైన్స్" మాటే. అది ఇంజినీరింగ్ చదివినోళ్లకే అని మొన్నటిదాక అనుకున్నం. దాని చరిత్ర చదివినంక అట్ల కాదని తెలిసింది.

"డేటా సైంటిస్ట్" అనే ఉద్యోగం పేరు 2008 ప్రాంతంలో అమెరికా కంపెనీల్లో వాడుకలోకి వచ్చింది. కానీ సైన్స్ చదివి అంకెల పనిలోకి మారడం అంతకన్నా చాలా పాతది. మన దేశంలో ఆ దారి వేసిన పి.సి. మహలనోబిస్ ఫిజిక్స్ ప్రొఫెసర్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలోనే 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు.

అక్కడికి చేరిన తెలుగు మనిషి కల్యంపూడి రాధాకృష్ణ రావు. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో పుట్టారు. పదిమంది పిల్లల్లో ఎనిమిదోవారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లేపి, నూనె దీపం ముట్టించి చదువుకు కూర్చోబెట్టేదని ఆయనే రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఏ. మొదటి ర్యాంకుతో పాసయ్యారు. అయినా పరిశోధన స్కాలర్‌షిప్ దొరకలేదు. సైన్యం సర్వే విభాగంలో లెక్కల ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకి కలకత్తా పోయారు. అదీ రాలేదు. అక్కడ బస చేసిన హోటల్లో పరిచయమైన ఒకాయన స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్నాడు. రావు గారు పోయి చూసి, 1941 జనవరి 1న తానూ చేరారు. ర్యాంకు వచ్చినోళ్లకు కూడా తలుపులు మూసుకుంటయి, ఇంకో తలుపు పక్కనోళ్లు చెప్తేనే తెలుస్తది. హాస్టల్ల ఉండే మనకు ఇది కొత్త సంగతి కాదు.

ఆయన అక్కడ పాఠం చెప్తుంటే దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న అడిగాడు. "ఈ సూత్రం చాలా పెద్ద శాంపిల్‌కే కదా, చిన్న శాంపిల్‌కి ఏమవుతుంది?" రావు గారు దాని మీద కూర్చుని జవాబు రుజువు చేశారు. 1945లో అచ్చయిన ఆ పేపర్‌కే 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో ఆయన చనిపోయారు. మన దగ్గరున్న కొద్ది డేటాతోని చేసే అంచనా ఎంతవరకు కచ్చితంగ ఉండొచ్చో, దానికి హద్దు ఎక్కడో ఆ పేపర్ చెప్తది. వెనక బెంచీల కూర్చుని అడగాలంటే సిగ్గుపడే మనం ఆ విద్యార్థిని యాదిలో పెట్టుకోవాలె.

ఇగ అసలు విషయం. 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, మానవ శాస్త్రవేత్త డి.ఎన్. మజుందార్ ఆధ్వర్యంలో కులాల వాళ్లను, తెగల వాళ్లను నిలబెట్టి కొలతలు తీశారు. ఎత్తు, తల పొడవు, తల వెడల్పు, ముక్కు వెడల్పు, ఇట్ల. అందులో థారూలు ఉన్నరు, భీల్లు ఉన్నరు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ముద్ర మోసిన భాతూలు కూడా ఉన్నరు. ఆ అంకెలను లెక్కగట్టిన వాళ్లలో రావు గారొకరు. ముగ్గురి పేర్లతో 1949లో 'సంఖ్య' పత్రికలో నివేదిక వచ్చింది. రెండు గుంపుల మధ్య దూరం చెప్పే "మహలనోబిస్ దూరం" కూడా అట్లాంటి శరీర కొలతల పనిలోంచే పుట్టింది. గుంపుల ఒదగని లెక్కను పట్టే ఆ సూత్రాన్ని ఇప్పుడు బ్యాంకు ఖాతాల్లో దొంగ లావాదేవీలను కనిపెట్టడానికి కూడా వాడుతున్నరు.

అంటే ఈ శాస్త్రం పుట్టినకాడ మనలాంటోళ్లు ఉన్నరు. టేపు పట్టినోళ్లుగ కాదు, కొలిపించుకున్నోళ్లుగ. రావు గారి గొప్పతనం మీద మాకు అనుమానం లేదు. కానీ కొలిచేది ఎందుకు, ఆ అంకెలు ఎటు పోతయి అని భీల్లను, భాతూలను అప్పుడు ఎవరన్నా అడిగిన్రా అని మాకనిపిస్తది.

మన బతుకుల్ల లెక్క విలువ ఎంతో చూడండి. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు 1976 చట్టంతోని ఎస్టీ జాబితాల చేరిన్రు. ఆ జాబితాల పేరు ఉన్నందుకే ఇయ్యాల మాకు ఈ హాస్టల్, ఈ సీటు. 2018 చట్టంతోని తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలైనప్పుడు 500 జనాభా అనే గీత గీసిన్రు. గీతకు అటో ఇటో ఉంటే సర్పంచ్ కుర్చీ వచ్చుడు, రాకపోవుడు.

ఇంకోటి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో ఎస్టీలు 9.08 శాతం. 2024 నవంబర్‌లో మొదలైన ఇంటింటి కుల సర్వేల 10.45 శాతం. నిజంగ మనం అంత పెరిగినమా? లెక్క తీసిన పద్ధతి వేరా? సర్వేకు అందని కొన్ని ఇండ్లు ఉన్నయని సర్కారే చెప్పింది, వాటి వల్ల శాతం మారిందా? ఈ ప్రశ్నలు అడిగి జవాబు తీయడమే డేటా సైన్స్. సాఫ్ట్‌వేర్ పనిముట్టు మాత్రమే. ప్రాక్టికల్ రికార్డుల రీడింగ్ రాసినప్పుడు తప్పు ఎంత ఉండొచ్చో అంచనా వేసుడు, నమ్మే ముందు ఇంకోసారి కొలుసుడు బీఎస్సీల మనం చేస్తున్న పనే.

దారులు ఇవి. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగ ఉన్న డిగ్రీ తీసుకోండి, ఇప్పటికే వేరే గ్రూపుల ఉంటే సొంతంగ నేర్చుకోండి. పైథాన్, ఆర్ రెండూ పైస ఖర్చు లేనివే, ఎన్‌పీటెల్ పాఠాలు కూడా ఉచితమే. డిగ్రీ అయినంక ఉస్మానియాల ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు సీపీగెట్, ఐఐటీలకు జామ్ రాయొచ్చు. రావు గారు చదివిన ఇన్‌స్టిట్యూట్‌కు సొంత ప్రవేశ పరీక్ష ఉంది. అక్కడ ఎస్టీ సీట్లున్నయి, చదువుకుంట స్టైపెండ్ కూడా ఇస్తరు. ఇంగ్లిష్‌కు భయపడకండి, మేం కూడా డిక్షనరీ పక్కన పెట్టుకునే చదువుతున్నం.

ఈసారి సెలవులకు పోయినప్పుడు మీ తండాల, మీ గూడెంల ఒక పని చేయండి. ఎన్ని ఇండ్లు, బడి మధ్యల ఆపినోళ్లు ఎంతమంది, ఎందుకు ఆపిన్రు, ఇంటింటికి పోయి నోట్‌బుక్కుల రాయండి. రాసే ముందు ఎందుకు రాస్తున్నమో వాళ్లకు చెప్పండి. పేర్లు తీసేసి, లెక్కలు మాత్రం ఇక్కడ పెడితే అందరం కలిసి టేబుల్ వేద్దాం.