పెరట్లో వయ్యారిభామ, పచ్చగన్నేరు: తీసేముందు తెలుసుకోవలసినవి

వానలు పడిన రెండు మూడు వారాలకే మన ఇళ్ల చుట్టూ, బడి ప్రహరీ వెంట ఒక మొక్క గుబురుగా లేస్తుంది. ఆకు చూస్తే క్యారెట్ ఆకులా ఉంటుంది, పువ్వు తెల్లగా చిన్న గుండీలా ఉంటుంది. అదే వయ్యారిభామ. ఇక్కడ హోసూరు వైపు కాంగ్రెస్ గడ్డి అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. ఇది అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు. మన దేశంలో 1950ల మధ్యలో పూణేలో దీన్ని గుర్తించారు.

దీన్ని పీకడం సులువే, చిక్కంతా ఒంటికి తగలడంలో ఉంది. నేను ఒక ఏడాది వట్టి చేతులతో అరపూట పీకాను, ఏమీ కాలేదు. మరుసటి ఏడాది అలాగే పీకితే ముంజేతులు, మెడ ఎర్రగా దద్దుర్లు తేలి పది రోజులు నిద్ర లేదు. ఈ మొక్క తాకగా తాకగా ఒంటికి పడకుండా పోతుంది. కాబట్టి "నాకేం కాదండీ" అనే మాట నమ్మకండి. పుప్పొడి వల్ల ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బంది ఎక్కువవుతుంది. అందుకే మన బడిలో పిల్లలచేత దీన్ని పీకించం. మీరూ ఇంట్లో పీకించకండి.

పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగండి. కొడవలితో కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి నేలలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, మూతికి గుడ్డ ఉండాలి. మధ్యలో ముఖం తుడుచుకోకండి. పని కాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి. పూత లేని మొక్కల్ని ఎరువుగుంటలో వెయ్యవచ్చు. పూత వచ్చినవాటిని దులపకుండా సంచిలో కట్టి లోతుగా పూడ్చండి. ఉప్పునీళ్లు కొడితే చస్తుంది, నిజమే, కానీ ఆ చోట మరేదీ సరిగా పెరగదు. ఖాళీ చేసిన చోట బంతి నారు వేస్తే మేలు.

ఇక పచ్చగన్నేరు. పూజకు పూలు కావాలని చాలా ఇళ్లలో ఉంచుకుంటారు. చెట్టంతా విషమే, గింజ మరీను. అది గుండె మీద పనిచేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది వద్దనే నా అభిప్రాయం. కొట్టేటప్పుడు పాలు కంట్లో పడకుండా కళ్లద్దాలు పెట్టుకోండి, మొద్దును వేరుతో తవ్వెయ్యండి. కొమ్మలు పొయ్యిలో పెట్టొద్దు, పొగ కూడా మంచిది కాదు. మేకలకు అందేచోట పడెయ్యొద్దు. రాలిన కాయలన్నీ ఏరాలి.

కంచెకు వేసే అడవి ఆముదం గింజలూ అంతే. రుచిగా ఉంటాయని పిల్లలు తింటారు, కాసేపటికి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

పిల్లలూ, స్నేహితుడు ఇలాంటి గింజ తిన్నాడని తెలిస్తే వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. తిడతారని దాచొద్దు. పెద్దవాళ్లు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చెయ్యండి, తిన్న కాయనో ఆకునో ఒక కవర్లో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.