కరవుసీమలో పూటకాపు

అనంతపురము కోర్టు ఆవరణమున, పిలుపు వినబడుటకై చెట్టునీడను చేరి, చంకలో ప్లాస్టిక్ సంచీ యిఱికించుకొని కూర్చుండిన రైతును మీరు చూచియే యుందురు. ఆ సంచీలో పట్టాదారు పాసుపుస్తకము, ఇంటిపన్ను రశీదు, ఆధార్ కార్డు నకలు ఉండును. తాగి బండి నడుపుచు హైదరాబాదు–బెంగుళూరు రహదారిపై పట్టుబడిన తమ్ముని కొడుకునకో, ఊరివానికో జామీను పడుటకు అతడు వచ్చినాడు. తాను చుక్క ముట్టకున్నను, ఇంకొకని మాటకు తన నేలను అడ్డుపెట్టుటకు వచ్చిన ఈ మనిషి చరిత్ర, మోటారు బండ్లకంటెను ఇంగ్లీషువారి న్యాయస్థానములకంటెను మిక్కిలి పురాతనమైనది.

జామీను అను మాట అరబ్బీలో పుట్టి పారసీక కచేరీల మీదుగా మన కబ్బినది. అచ్చతెనుగున ఈ మనిషికి పూటకాపు అని పేరు. పూటపడుట యనగా పూచీ పడుట. ధర్మశాస్త్రములు అతనిని ప్రతిభువు అన్నవి. యాజ్ఞవల్క్యస్మృతి ప్రతిభువులను మూడు తెఱగులుగా చెప్పినది: పిలిచిననాడు మనిషిని తెచ్చి చూపెదననువాడు దర్శన ప్రతిభువు, ఇతడు నమ్మదగినవాడని చెప్పువాడు ప్రత్యయ ప్రతిభువు, ఇతడీయనిచో నేనిచ్చెదననువాడు దాన ప్రతిభువు. మొదటి యిద్దరు మరణించినచో ఆ భారము కొడుకులకు సంక్రమింపదు. మూడవవాని భారము సంక్రమించును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను తిక్కన కాలమువాడైన కేతన 13వ శతాబ్దమున తెలుగు పద్యములలోనికి దింపెను. తరువాతి కచేరీలును హాజరు జామీను, మాలు జామీను అని యీ భేదమునే పాటించినవి. మనిషికి పూచీ వేఱు, సొమ్ముకు పూచీ వేఱు అను నీ సూక్ష్మము నేడు గుమాస్తా బల్లయొద్ద మరుగుపడినదని నా యభిప్రాయము. కుఱ్ఱవాడు వాయిదాకు వచ్చునా రాడా యనునది ప్రశ్నయై యుండగా, పెదనాన్న పొలము ఖరీదెంత యని విచారణ సాగుచున్నది.

ఈ సీమలో పూచీ యొక్క బలాబలములను పెద్దయెత్తున పరీక్షించినవాడు థామస్ మన్రో. 1800వ సంవత్సరమున నిజాము ఈ ప్రాంతములను కుంపిణీకి దత్తము చేయగా, వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వఱకు ఏలుబడి సాగించిన ఆయన, రైతులతో శిస్తు ఒప్పందములు చేసికొనునప్పుడు ఒక చిక్కున బడెను. ప్రతి రైతునకును జామీనుదారు కావలెను. అందఱును బీదలే యైన ఊళ్లలో జామీనుదారు ఎక్కడ దొరకును? అందుచేత ఊరిలోని రైతులనే ఒకరి కొకరిని పూచీగా నిలిపినాడు. ఒకడు శిస్తు చెల్లింపలేనిచో ఆ లోటును మిగిలినవారి శిస్తుపై నూటికి 10 వంతులకు మించకుండ వేయవచ్చును. చూచుటకు ఇది చక్కని యేర్పాటే. కాని పూటకాపు అనువాడు ఎప్పుడు ఉపకరించును? ఎదుటివాడు పడిపోయినప్పుడు తాను నిలిచియున్ననే గదా! పడమటి కనుమల చాటున నుండి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల మాత్రపు వాన, అదియు వచ్చిన యేడు వచ్చి రాని యేడు రాక, బ్రతుకు వెళ్లదీయు ఈ పీఠభూమిపై కరవు ఒక యింటికి వచ్చి పక్కయింటిని విడిచిపోదు. అప్పుపడినవాడును పూటపడినవాడును ఒకే నెలలో ఎద్దులను సంతకు తోలుదురు. తాను కట్టిన శిస్తు భారమైనదని మన్రోయే గ్రహించి, సీమను విడుచు యేట దానిని నూటికి 25 వంతులు తగ్గింపవలెనని పైవారికి వ్రాసినాడు.

నేటి చట్టమునకు వత్తము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో నేరము. తొలిసారి ఆఱునెలల వఱకు ఖైదు, లేదా 10,000 రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును; మరల చేసినచో రెండేండ్లు, 15,000. యూనిఫారములో నున్న పోలీసు వారంటు లేకయే పట్టుకొనవచ్చును గాని, అరెస్టయిన రెండుగంటలలోపల వైద్యపరీక్ష జరిపింపనిచో విడిచిపెట్టవలెను. ఇది బెయిలుకు అర్హమైన నేరము; అనగా బెయిలు ఇచ్చుట ఇన్‌స్పెక్టరు దయ కాదు, పట్టుబడినవాని హక్కు, స్టేషనులోనే తీసికొనదగినది. మనిషి ప్రాణము పోయి, దోషపూరిత నరహత్య కేసు పెట్టినచో కథ వేఱు. జామీను పడినవానికిని ప్రమాదమున్నది: ముద్దాయి వాయిదాకు రానిచో పత్రములో వ్రాసిన మొత్తము అతడు చెల్లింపవలెను, చెల్లింపనిచో ఆఱునెలల వఱకు సివిలు జైలు.

1978లో సుప్రీముకోర్టుకు వచ్చిన మోతీరాము కేసును ఇచ్చట తలపక తప్పదు. మధ్యప్రదేశమున ఒక తాపీ మేస్త్రికి 10,000 రూపాయల జామీను విధించి, అతని సోదరుడు ముందుకు రాగా, ఆ సోదరుని ఆస్తి పొరుగుజిల్లాలో నున్నదని మేజిస్ట్రేటు త్రోసిపుచ్చెను. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు 1,000 రూపాయల స్వంత పూచీకత్తుపై అతనిని విడిపించుచు, ఒక తెలుగువాడు బస్తరులోనో చాందినీచౌకులోనో పట్టుబడినచో అక్కడ భూములున్న జామీనుదారును ఎట్లు తేగలడని అడిగెను. ఏటేట మూట కట్టుకొని బెంగుళూరికి వలసపోవు మన కదిరి, మడకసిర వారికి ఈ ప్రశ్న విడమఱచి చెప్పనక్కఱలేదు.

జామీను దొరకనిచోట జామీను అమ్ముడుపోవును. కోర్టుల చుట్టు తిరుగుచు కూలికి పూటపడువారు పెరిగిరి గనుకనే, తానింతకుముందు ఎందఱికి జామీను నిలిచెనో ప్రతి జామీనుదారును చెప్పవలెనని నేరవిచారణ చట్టమునకు చేసిన 2005 సవరణ నిర్దేశించెను. అమెరికాలో ఈ అమ్మకమే బహిరంగ వ్యాపారము. మన పిల్లవాడు టెక్సాసులో తాగి కారు నడిపి పట్టుబడినచో, బెయిలు మొత్తములో సుమారు పదవవంతు బాండు వ్యాపారికి చెల్లించి బయటపడవచ్చును, ఆ సొమ్ము తిరిగి రాదు. అక్కడ ధనమునకును, ఇక్కడ పొలమునకును మ్రొక్కుచున్నాము; నాకు ఏ మ్రొక్కును రుచింపదు.

ఆ 2005 సవరణయే మఱియొక మేలు చేసినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 478వ సెక్షనున నదియు నిలిచియున్నది. బెయిలుకు అర్హమైన నేరమున పట్టుబడినవాడు వారము దినములలో జామీను తేలేనిచో, అతడు నిరుపేద యని భావించి, జామీనుదారు లేకయే స్వంత పూచీకత్తుపై విడువవలెను. మీ యూరివాడెవడైన అట్లు లోపల నుండిపోయినచో, ఆయకట్టు లేని మెట్టపొలము పాసుపుస్తకమునకై ఊరంతయు వెదకుటకు ముందు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి ఆ సెక్షను సంఖ్య చెప్పుడు. నిర్బంధములోనున్నవానికి అచ్చట వకీలు ఉచితము.